ప్రార్థనలో చివరి పేరు

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే ఫోను చూశాను. ఈ వయసులో ఇదొక జబ్బు. మేము చిన్నప్పుడు చదివిన స్కూలు వాళ్ళ గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. కొత్తగా కట్టిన గది, లేత గులాబీ రంగు గోడలు, వాటి మీద ఏనుగు, బంతి, అరటిపండు బొమ్మలు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లల కోసం, మాట సరిగ్గా రాని పిల్లల కోసం ప్రత్యేకంగా కట్టారట. వాళ్ళకి నేర్పడానికి శిక్షణ పొందిన టీచరు కూడా వస్తుందట. చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. తరవాత ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. గుమ్మం పైన నల్ల గ్రానైటు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలతో మా పాత హెడ్మాస్టారి పేరు, పక్కనే ఆయన ఫొటో. చెమర్చిన కళ్ళు అక్కడికక్కడే ఆరిపోయాయి.

ఆయన పోయి నాలుగైదేళ్ళయింది. పిల్లలు బాగా స్థిరపడి, తండ్రి పేరు మీద ఆ గది కట్టించారు. ప్రారంభోత్సవం రోజున ఒక చిన్న పుస్తకం కూడా పంచుతారట. పాత విద్యార్థులందరూ మాస్టారి గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపాలట. 'అక్కా, పోస్టాఫీసులో అంతకాలం చేశారు, మీరైతే చక్కగా రాస్తారు' అని నాకు విడిగా ఫోను కూడా చేశారు. నేనూ నిజాయితీగానే ప్రయత్నించాను. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేది, అదొకటి. పంచె ఇస్త్రీ మడత సాయంత్రం దాకా నలిగేది కాదు, అది రెండు. బడికి ఏనాడూ ఆలస్యంగా రాలేదు, మూడు. నాలుగోది ఎంత వెతికినా దొరకలేదు. దానికోసం వెతుకుతూ కూర్చుంటే ఇదిగో, ఇదంతా వచ్చింది. వాళ్ళు ఆ పుస్తకంలో వెయ్యరని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

మాది తిరువూరులో పెంకుటిల్లు. నాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు మా నాయనమ్మ తీర్చేది. నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు పెనుగొలను పొలాల్లో నాట్లు వేసిన మనిషి. నాట్లలో పాట ఎత్తుకుంటే పక్క పొలంలో కూలీలు కూడా అందుకునేవాళ్ళట. ఆ గొంతు ముసలితనంలోనూ తగ్గలేదు. బాప్తిస్మం తీసుకున్న రోజునే చుట్ట మానేశానని చెప్పేది, కానీ ఆమె దిండు కింద ఎప్పుడూ పొగాకు వాసనే వచ్చేది. చదువు రాదు. బైబిలు మాత్రం తెల్లటి గుడ్డలో చుట్టి, పెట్టెలో అందరి బట్టల కన్నా పైన పెట్టేది. రోజూ దీపాలు పెట్టే వేళకి ఇంట్లో అందరినీ చాప మీద కూర్చోబెట్టి, నా చేత ఒక అధ్యాయం చదివించి, తాను ప్రార్థన చేసేది.

నాయనమ్మ ప్రార్థన మా వీధికంతా వినోదం. దేవుడితో మాట్లాడుతున్నట్టు ఉండేది కాదు, ఆఫీసులో పని జరగని గుమస్తాతో మాట్లాడుతున్నట్టు ఉండేది. ముందు మా పెద్దమ్మ కీళ్ళనొప్పులు, తరవాత మా బాబాయి ఉద్యోగం, ఆ తరవాత పక్కింటి వాళ్ళ గేదె. ఒక్కొక్కరి పేరూ చెప్పి, పోయిన వారం చెప్పిన పని ఇంకా ఎందుకు కాలేదో నిలదీసేది. ఆకలితో మా కడుపులు కాలుతుండేవి. మధ్యలో కళ్ళు తెరిస్తే, కళ్ళు మూసుకునే ఉన్న నాయనమ్మకి ఎలా తెలిసేదో, తొడ మీద గిచ్చేది.

చెల్లి నాకన్నా మూడేళ్ళు చిన్న. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు పెద్ద జ్వరమొచ్చి, ఫిట్స్ వచ్చి, బతికి బయటపడింది. కానీ నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. నవ్వు మాత్రం ఎవరికీ లేనంత తొందరగా వచ్చేది. నాన్న బస్సులో విజయవాడ తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించాడు. "పిల్ల నెమ్మదండీ. నెమ్మదిగానే నేర్చుకుంటుంది. ఓపిగ్గా నేర్పేవాళ్ళుండాలి" అన్నాడట ఆయన. నేర్పేవాళ్ళు ఎక్కడుంటారని అడిగితే, హైదరాబాదులో ఏదో స్కూలుందని, హాస్టల్లో వదిలిపెట్టాలని చెప్పాడట. తన పక్కలో తప్ప నిద్రపోని పిల్లని అంత దూరంలో వదలడమా అని అమ్మ మూడు రోజులు అన్నం మానేసింది. ఆ తరవాత ఇంట్లో చెప్పకుండా పక్కింటావిడతో నెమలి అనే ఊళ్ళో గుడికి వెళ్ళి, వేణుగోపాలస్వామికి చెల్లి పేరున కొబ్బరికాయ కొట్టించి వచ్చింది. కొంగున ముడేసుకున్న ప్రసాదం వాసన నాయనమ్మ పట్టేసింది. మేమంతా బిగుసుకుపోయాం. నాయనమ్మ మాత్రం, "ఆయనకీ చెప్పుకున్నావా? మంచిదే. నా దేవుడు కోప్పడితే నేను సర్దిచెప్పుకుంటాలే" అంది.

ఇక మిగిలింది మా వీధి చివరి పంచాయతీ సమితి స్కూలే. ఒకటే పొడుగాటి హాలు, అయిదు తరగతులూ అందులోనే, మధ్యలో గోడలుండవు. పక్క తరగతి ఎక్కాలు మన తెలుగు పాఠంలోకి వచ్చి పడుతుండేవి. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు చెల్లి రెండో తరగతి. హాజరు మాత్రం బడి మొత్తానికీ హెడ్మాస్టారే వేసేవారు. ఆయన గొంతు ఆయనకి బాగా ఇష్టమని నా అనుమానం. చెల్లికి బడిలో వచ్చినదల్లా ఒక్కటే. తన పేరు పిలవగానే లేచి నిలబడి, రెండు చేతులూ తొడలకు ఆనించి, "ప్రెజెంట్ సార్!" అని అరవడం. ఆ రెండు మాటలూ ఇంటి దగ్గర నెలరోజులు సాధన చేసింది. ఆ అరుపుకి కిటికీ మీది పిచ్చుకలు లేచిపోయేవి. ఆయన నోట తన పేరు వినగానే దాని మొహం వెలిగిపోయేది. ఉదయం లేచింది మొదలు అది ఎదురుచూసేది ఆ ఒక్క క్షణం కోసమే.

హాజరు అయిపోగానే హెడ్మాస్టారు బెత్తంతో వరండా వైపు చూపించేవారు. చెల్లి, దానిలాంటి మరో ముగ్గురు పిల్లలు లేచి, వెళ్ళి నీళ్ళ కుండ పక్కన కూర్చునేవాళ్ళు. మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేదాకా అక్కడే. పలక లేదు, పాఠం లేదు. బడిలో పిల్లల సంఖ్య తగ్గితే ఒక టీచరు పోస్టు పోతుంది. అందుకని ఆయనకి ఆ నలుగురి పేర్లూ కావాలి, పిల్లలు అక్కర్లేదు. నేను కూర్చునే చోటు నుంచి చెల్లి వీపు కనిపించేది. కుండ కింద చేరిన తడి మట్టిలో వేలుతో గీతలు గీసుకుంటూ ఉండేది. జూన్ నెల ఎండ వరండాలోకి వచ్చేస్తే, ఆ నలుగురూ గోడకి అంటుకుని ముడుచుకునేవాళ్ళు.

నేను ఇంట్లో చెప్పాను. అమ్మా నాయనమ్మా కలిసి వెళ్ళారు, నేనూ వెనకే వెళ్ళాను. నాయనమ్మ మొదట ఎంతో మర్యాదగానే, "అయ్యా, పిల్లని లోపల కూకోబెట్టండి. దానికి వచ్చిందే వస్తది" అని అడిగింది. హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ అన్నారు. "చూడండి మామ్మగారూ, ఈ పిల్లకి చదువు రాదు. లోపలుంటే మిగతా పిల్లలు కూడా చెడిపోతారు. అయినా హాజరు వేస్తున్నానుగా. పేరుంది. ఇంకేం కావాలి?" అమ్మ తల వంచుకుంది. ఆ సాయంత్రం ప్రార్థనలో గేదె తరవాత ఇంకొక పేరు చేరింది. "ప్రభువా, ఆ హెడ్మాస్టరుని మర్చిపోకు. నీకు పనులెక్కువ, అందుకని గుర్తు చేస్తున్నా" అంది నాయనమ్మ. ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు, ఆ వివరాలు దేవుడికే వదిలేసింది. చెల్లికి మొదటి మాటలేవీ పట్టలేదు, హెడ్మాస్టరు అన్న మాట వినపడగానే అందరికన్నా గట్టిగా "ఆమేన్" అంది. నాన్న నవ్వాపుకోలేక దగ్గాడు.

రోజూ అదే పేరు, అదే ఆమేన్. దసరా సెలవులు వెళ్ళాయి, క్రిస్మస్ వెళ్ళింది. తరవాత ఇన్‌స్పెక్షన్ వచ్చింది. మా రోజుల్లో ఇన్‌స్పెక్షనంటే పెళ్ళి కిందే లెక్క. గోడలకి సున్నం, గుమ్మానికి మామిడాకులు, హాల్లో రంగు కాగితాల జెండాలు. హెడ్మాస్టారింట్లో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారికి కోడికూర. ఇంకొక ఆనవాయితీ కూడా ఉండేది, దాన్ని ఎవరూ పైకి చెప్పుకునేవాళ్ళు కాదు. చదువు రాని పిల్లల్ని ఆ రోజుకి ఇంటి దగ్గర ఉండమనేవాళ్ళు. వాళ్ళ స్థానంలో, పైకి హైస్కూలుకి వెళ్ళిపోయిన తెలివైన పిల్లల్ని నాలుగు బిస్కెట్లు పెట్టి తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళు ఈ పిల్లల పేర్లకి పలికి, అడిగిన ఎక్కాలన్నీ గడగడా అప్పజెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ముందు రోజు సాయంత్రం హెడ్మాస్టారు నన్ను పిలిచి, "అమ్మాయ్, రేపు మీ చెల్లిని తీసుకురాకు. నువ్వు మాత్రం జడలు వేసుకుని రా. నీ చేత పద్యం చెప్పిస్తాను" అన్నారు.

ఆ మాట నేను ఇంట్లో చెప్పేసరికి నాయనమ్మ చింతపండులో పిక్కలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "అలాగే. ఆయన చెప్పినట్టే కానీ" అంది. ఆ సాయంత్రం ప్రార్థనలో పెద్దమ్మ వచ్చింది, బాబాయి వచ్చాడు, గేదె వచ్చింది. హెడ్మాస్టరు రాలేదు. పేరు కోసం చూసి చూసి చెల్లి ఆమేన్ అనడమే మర్చిపోయింది. మాకందరికీ భయం వేసింది. నాయనమ్మ ఒక పనిని దేవుడి చేతుల్లోంచి వెనక్కి తీసుకుందంటే అర్థం ఏమిటో మాకు తెలుసు.

మర్నాడు నేను జడలు వేసుకుని బడికెళ్ళాను. చెల్లి చోట్లో హెడ్మాస్టారి మేనకోడలు కూర్చుని ఉంది. హైస్కూల్లో ఆరో తరగతి. రెండో తరగతి చాప మీద దాని మోకాళ్ళు పక్క పిల్ల ఒళ్ళోకి వస్తున్నాయి. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగారు, దండ వేయించుకున్నారు, నా పద్యం విన్నారు, ఆవులించారు. తరవాత ఏమనుకున్నారో, రెండో తరగతి హాజరు తానే వేస్తానన్నారు. హెడ్మాస్టారు చిరునవ్వుతో రిజిస్టరు ఇచ్చారు. పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. చెల్లి పేరు పిలిచారు. మేనకోడలు లేచి, సన్నగా, ముద్దుగా "ప్రెజెంట్ సార్" అంది. ఆ మాట ఇంకా పూర్తికాకుండానే గుమ్మంలో నుంచి ఇంకొక "ప్రెజెంట్ సార్!" వచ్చింది. హాల్లో కాగితాల జెండాలు ఊగాయని చెబితే నమ్మరు, కానీ నేను చూశాను.

గుమ్మంలో చెల్లి. క్రిస్మస్‌కి కుట్టించిన ఎర్ర గౌను, నూనె రాసి దువ్విన తల, రెండు చేతులూ తొడలకి ఆనించి నిలబడి ఉంది. వెనకాల చర్చికి కట్టుకునే తెల్లచీరలో నాయనమ్మ. ఆమె వెనక, కుండ దగ్గర కూర్చునే మిగతా ముగ్గురు పిల్లలూ, వాళ్ళ తల్లులూ. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి అందరినీ పోగుచేసుకుని వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు సర్దుకుని ఆ పేరు మళ్ళీ పిలిచారు. రెండు ప్రెజెంట్లూ మళ్ళీ వచ్చాయి. ఈసారి చెల్లిది ఇంకా గట్టిగా వచ్చింది, ఒకే రోజు రెండుసార్లు పిలిచినందుకు దానికి సంతోషం పట్టరాకుండా ఉంది. హాలంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు గారు మేనకోడల్ని ఎగాదిగా చూసి, "రెండో తరగతికి ఇంత పొడుగున్నావేంటమ్మా?" అన్నారు. ఆ పిల్ల భోరున ఏడ్చేసింది. పాపం, దానిదేం తప్పు.

"అయ్యా, ఆ పేరు మా పిల్లదండి. ఆ కూకున్న పిల్లెవరో నేనెరగను" అంది నాయనమ్మ. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఆ గొంతుకి ఎప్పుడూ లేదు. "రోజూ దీని పేరు పిలిచి దీన్ని ఎండలో కూకోబెడతారండి. దీనికున్నదల్లా ఆ పేరొక్కటే. ఇయ్యాల అది కూడా తీసుకెళ్ళి ఇంకోళ్ళకి ఇచ్చేశారు." హెడ్మాస్టారి మొహం అప్పుడే వేసిన సున్నంలా అయింది. నేను ఆ మొహాన్ని కళ్ళారా చూశాను. జీవితంలో నేను చూసిన అందమైన వాటిలో అదొకటి, దాచుకోవడం దేనికి.

ఇన్‌స్పెక్టరు గారు మహాత్ముడేమీ కాదు. ఆ మధ్యాహ్నం కోడికూర భోజనానికి వెళ్ళారు. శుభ్రంగా తిన్నారు. తిని వచ్చి కూడా, ఆ నలుగురు పిల్లల్నీ లోపలే కూర్చోబెట్టి చదువు చెప్పాలని, మళ్ళీ తాను వచ్చి చూస్తానని అందరి ముందూ చెప్పి, రాసి మరీ జీపెక్కారు. వీధిలో ఆడవాళ్ళు నాయనమ్మని మెచ్చుకున్నారు. ఆమె మాత్రం, "ఆయన ఏడాదికోసారి వస్తాడు. మిగతా రోజులు ఎవరు చూస్తారు?" అంది.

మర్నాడు తెల్లారి, చెల్లిని లోపల కూర్చోబెట్టి, చింతపండు చేట పట్టుకుని వెళ్ళి నీళ్ళ కుండ పక్కన తాను కూర్చుంది. సరిగ్గా చెల్లి కూర్చునే చోటే. "ఏంటి మామ్మగారూ ఇది?" అని హెడ్మాస్టారు అడిగితే, "ఈ చోటు ఖాళీ అయిందిగా అయ్యా. చల్లగా ఉందని మీరే కదా పిల్లల్ని కూకోబెట్టారు" అంది. అది మొదలు ఆదివారాలు, సెలవులు తప్ప రోజూ వచ్చేది. వీధిలో ఎవరి చింతపండైనా అడిగి తెచ్చుకుని పిక్కలు తీసేది. హాల్లోకి చూస్తూ ఉండేది, అంతే. ఆయన కుర్చీ ఎటు తిప్పుకున్నా ఆ చూపు తగిలేది. పాఠం మధ్యలో తడబడేవారు. ఆ పంచె మడత మధ్యాహ్నానికే నలిగిపోవడం అప్పుడే మొదటిసారి చూశాం.

ఆ నలుగురినీ హెడ్మాస్టారు ఒకటో తరగతి టీచరమ్మకి అంటగట్టారు. ఆవిడ అప్పుడే ఉద్యోగంలో చేరిన చిన్నపిల్ల. "ఇలాంటి పిల్లలకి ఎలా చెప్పాలో నాకూ రాదండీ" అని నాయనమ్మతో నిజం చెప్పేసింది. "రాకపోతే రానీ అమ్మా, కూకోబెట్టుకో. అదీ నువ్వూ కలిసి నేర్చుకోండి" అంది నాయనమ్మ. పలక మీది అక్షరం చెల్లి కళ్ళకి ఆనేది కాదు. ఒకరోజు టీచరమ్మ వరండాలోకి వచ్చి, నాయనమ్మ చేటలోంచి దోసెడు చింతపిక్కలు అడిగి తీసుకుంది. నేల మీద సుద్దతో పెద్ద అక్షరం గీసి, దాని మీద పిక్కలు పేర్చమంది. చెల్లి నాలుక బయటపెట్టి, ఒక్కొక్క పిక్కా పేర్చింది. వంకర పోతే తీసి మళ్ళీ పేర్చింది. అలా నెలలు పట్టింది. ఆ ఏడాది పోయి మరుసటేడు మామిడికాయలొచ్చే వేళకి, పిక్కలు లేకుండా సుద్దముక్కతో తన పేరు తానే రాసింది. వరండాలోకి పరిగెత్తుకొచ్చి నాయనమ్మ చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించింది. చదువు రాని నాయనమ్మ ఆ అక్షరాల ముందు గొంతుక్కూర్చుని, "ఇదేనా నీ పేరు?" అని అడిగి, వేలుతో తడమబోయి, చెరిగిపోతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ వేసవిలోనే హెడ్మాస్టారు బదిలీ చేయించుకున్నారు. వెళ్ళే రోజు మా వీధిలోంచే బస్టాండుకి నడుస్తూ, మా అరుగు ముందు ఆగి, "ఇప్పటికైనా తృప్తిగా ఉందా మామ్మగారూ?" అన్నారు. "ఇంకా లేదయ్యా. ఏ ఊరేశారు?" అంది నాయనమ్మ. ఆయన ఊరి పేరు చెప్పారు. ఆ సాయంత్రం ప్రార్థనలో, "ప్రభువా, ఆయన్ని ఫలానా ఊరేశారు. నువ్వు ఇక్కడ వెతుక్కుంటావేమోనని చెబుతున్నా" అంది. కానీ మాకెవరికీ మింగుడుపడని పని చేసింది చెల్లి. ఆయన సంచి పట్టుకుని బస్టాండు దాకా వెంట వెళ్ళింది. బస్సు కదులుతుంటే కూడా పరిగెత్తింది. నేను చెయ్యి పట్టుకుని ఈడ్చుకురావలసి వచ్చింది. రేపు నా పేరు ఎవరు పిలుస్తారని దారంతా ఏడ్చింది. నాకు తమ్ముడో అన్నో ఉండి ఉంటే, బస్సుకి అడ్డంపడి ఆయన్ని కొట్టించి ఉండేదాన్ని. ఆ ఏడుపు కోసం.

దేవుడు నాయనమ్మ మాట విన్నాడా అంటే, వినలేదనే చెప్పాలి. ఆయన సుఖంగా రిటైరయ్యారు, ఇల్లు కట్టుకున్నారు, మనవల్ని ఎత్తుకున్నారు, నిద్రలోనే పోయారట. ఇప్పుడు, ఆయన వరండాలోకి నెట్టేసిన పిల్లల్లాంటి వాళ్ళ గదికి ఆయన పేరు. పెద్దమనసుతో మర్చిపోవాలని మా పాస్టరు గారు అంటారు. ఎండలో కాలింది పాస్టరు గారి వీపు కాదు.

నాయనమ్మ పోయాక ప్రార్థన అమ్మకి వచ్చింది, అమ్మ తరవాత నాకు. వరసలో పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. కీళ్ళనొప్పుల పెద్దమ్మ లేదు. ఉద్యోగం కోసం ఏడిపించిన బాబాయి ఉద్యోగం చేసి, రిటైరై, వెళ్ళిపోయాడు. ఆ గేదె సంగతి చెప్పక్కర్లేదు. చివరి పేరు మాత్రం ఉంది. ఆదివారం సాయంత్రం చెల్లి పక్కన కూర్చుని, దానికి ఫోనులో ఆ ఫొటో చూపించాను. దాని జుట్టు పూర్తిగా నెరిసింది. పలక మీది పేరు చదవలేదు, అది దాని పేరు కాదు కదా. కానీ పక్కనున్న ఆయన మొహాన్ని గుర్తుపట్టింది. చటుక్కున లేచి, రెండు చేతులూ తొడలకి ఆనించి, "ప్రెజెంట్ సార్!" అంది. నేను ఫోను పక్కన పెట్టి కళ్ళు మూసుకుని, ప్రభువా, ఆ హెడ్మాస్టరుని మర్చిపోకు, గది మీద పేరు చూసి మోసపోకు అన్నాను. పక్క నుంచి ఇల్లదిరేలా ఆమేన్ వచ్చింది. ఏళ్ళు గడిస్తే కోపం అరిగిపోతుందంటారు, మా ఇంట్లో దానికి ఆ వీలు లేకపోయింది. యాభై ఏళ్ళుగా రోజూ సాయంత్రం మా కోపానికి ఆమేన్ చెబుతున్నది చెల్లే, అది దీవెన అనుకుని.